రోడ్ ఐలండ్ ఒప్పుకోలేదు

ఆర్విక్ హైస్కూలు మూతపడిన ఏడాది అక్కడి పిల్లలంతా మా హాల్‌స్టన్ బడికి వచ్చారు. రెండూ నార్త్ డకోటాలోని ఊళ్లే. మధ్యలో పాతిక మైళ్ల పొడుగునా గోధుమ పొలాలు, చక్కెర దుంపల పొలాలు, గాలి. ఆర్విక్‌లో ధాన్యం గోదాము ఒకటి, చర్చి ఒకటి, పెట్రోలు బంకు ఒకటి, అంతే. హాల్‌స్టన్ కూడా పట్నమేం కాదు. కాకపోతే మాకు రెండు ట్రాఫిక్ లైట్లు ఉన్నాయి. వాటిని చూసుకునే మావాళ్లకు కాస్త గీర.

నేను ఆ బడిలో పదకొండో తరగతికి అమెరికా చరిత్ర, రాజ్యాంగం, ప్రభుత్వం చెబుతాను. పేరు లోర్నా టెస్కీ. పిల్లలు ఎదురుగా ఉన్నప్పుడు టీచర్ అంటారు. చాటుగా ఏమంటారో నాకు తెలుసు, అది ఇక్కడ అనవసరం.

ఆగస్టు చివర్లో ఆర్విక్ పిల్లలు పసుప్పచ్చ బస్సు దిగి, గొర్రెలమందలా ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. వాళ్లకు బాయిలర్ గది పక్కన మిగిలిపోయిన లాకర్లు ఇచ్చారు. మా ఆటల జట్టు పేరు అడవిదున్నలు, వాళ్లది కొంగలు. రెండు బడులూ కలుస్తున్నాయని పేపర్లో వేశారు కానీ, దున్నలు దున్నలుగానే ఉండిపోయాయి, కొంగలు మాత్రం ఎటో ఎగిరిపోయాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. ఎవరికీ తట్టలేదు, అంతే.

అక్టోబరులో మా ప్రిన్సిపాల్ రాయ్ డ్యూకెట్ నా గదికి వచ్చాడు. చేతిలో కాఫీ కప్పు, ముఖంలో ఏదో పని అంటగట్టబోతున్న నవ్వు.

"లోర్నా, నువ్వు ఏటా పిల్లలతో ఆ ఫిలడెల్ఫియా నాటకం ఆడిస్తావు కదా."

"నాటకం కాదు, పాఠం."

"పాఠమేలే. విద్యార్థి సంఘానికి ఉన్న పాత నియమాలు రెండు ఊళ్లు కలిశాక పనికిరావడం లేదు. ఈసారి ఉత్తుత్తి రాజ్యాంగం బదులు, నిజంగానే సంఘానికి ఒకటి రాయించరాదూ? క్రిస్మస్‌లోగా అయితే చాలు."

సరేనన్నాను. రాయ్ అంత తేలిగ్గా అడిగాడు కాబట్టి నేనూ తేలిగ్గానే ఒప్పుకున్నాను.

ఏటా నవంబరులో, దుంపల తవ్వకాలు అయిపోయి పిల్లలు మళ్లీ సరిగ్గా బడికి రావడం మొదలెట్టాక, నా తరగతిని ఫిలడెల్ఫియాగా మార్చేస్తాను. 1787 ఎండాకాలంలో రాజ్యాంగం రాయడానికి కూచున్న పెద్దమనుషులు లోపలి మాట బయటికి పొక్కకూడదని కిటికీలు బిగించుకుని ఉడికిపోయారు. అందుకని నేనూ తెరలు దించి, తలుపు వేసి, హీటరు పెంచేస్తాను. బయట మంచు, లోపల చెమట. "టీచర్, పాఠం చెబితే చాలు, మమ్మల్ని వండక్కర్లేదు" అని ప్రతి ఏడూ ఎవడో ఒకడు అంటాడు. తర్వాత చీటీలు తీయిస్తాను. ఎవరికి ఏ రాష్ట్రం వస్తే, మనసులో ఏమున్నా సరే, ఆ రాష్ట్రం తరఫునే మాట్లాడాలి. బానిసలుగా ఉన్న మనుషుల్ని అయిదింట మూడు వంతులుగా లెక్కగట్టిన ఘట్టం వచ్చినప్పుడు మాత్రం ఇదంతా ఆపేస్తాను. తెరలు తీసి, హీటరు తగ్గించి, మామూలుగా నిలబడి ఆ పాఠం చెబుతాను. అది పిల్లలతో ఆడించే విషయం కాదు.

రోడ్ ఐలండ్ చీటీ ఎప్పుడూ వెయ్యను. ఆ రాష్ట్రం అసలు ఆ సమావేశానికే రాలేదు. కానీ ఆ ఏడు పిల్లలు ఎక్కువై, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున పంచినా ఒకరు మిగిలారు. అందుకని ఆ చీటీ కూడా డబ్బాలో పడేశాను. అది థైరాకు వచ్చింది.

థైరా టాలెఫ్‌సన్ ఆర్విక్ పిల్ల. పొడుగ్గా, ఆ పొడుగు దాచుకుంటున్నట్టు కాస్త వంగి నడిచేది. వాళ్లమ్మ ఆర్విక్ బడిలో వంట చేసేది, ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. థైరా అడిగితే తప్ప మాట్లాడేది కాదు. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేది.

"రోడ్ ఐలండ్" అని చదివింది. "నేనేం చెయ్యాలి టీచర్?"

"వాళ్లు రాలేదమ్మా. పెద్ద రాష్ట్రాలు తమని మింగేస్తాయని భయపడి ఇంటి దగ్గరే ఉండిపోయారు."

"అయితే నేను బయట కూచోనా?"

"మీ ఊళ్లోనే కూచుంటే ఇంకా బాగుండేది" అని వెనక బల్లలో ఎవరో గొణిగారు. కొందరు కిసుక్కున నవ్వారు. నేను అటు చూశాను. నవ్వులు ఆగిపోయాయి. ఇంతలో థైరా లేచి కుర్చీ చేతిలోకి తీసుకుంది.

"పర్లేదు టీచర్. బయట చల్లగా ఉంటుంది."

ఈసారి నవ్వింది ఆర్విక్ పిల్లలు. థైరా కుర్చీ మోసుకుంటూ వరండాలోకి వెళ్లి, తలుపు పక్కన వేసుకుని, లెక్కల పుస్తకం తీసింది.

లోపల సమావేశం మొదలైంది. చీటీలు ఆనాటి రాష్ట్రాలవే అయినా, ఈసారి తేల్చాల్సింది మా విద్యార్థి సంఘంలో ఏ ఊరికి ఎన్ని సీట్లన్నది. అప్పట్లో అన్నిటికంటే పెద్ద రాష్ట్రమైన వర్జీనియా చీటీ డెల్ హ్యూబర్‌కు వచ్చింది. వాళ్ల నాన్నకు హాల్‌స్టన్‌లో ట్రాక్టర్ల షాపు ఉంది. డెల్ మాటకారి. చెడ్డవాడు కాదు, తను అనుకున్నది న్యాయమేనని గట్టిగా నమ్మే రకం. వాడి జతగా వర్జీనియాకు వచ్చినవాడు మైలో అనే ఆర్విక్ కుర్రాడు. చిట్టి రాష్ట్రమైన డెలావేర్ చీటీ డెల్ చిన్నాన్న కూతురు జోలీన్‌కు వచ్చింది. ఇంతకంటే అడ్డదిడ్డంగా చీటీలు నేను కావాలని వేసినా పడవు.

"ఇందులో పెద్ద చిక్కేముంది?" అన్నాడు డెల్. "తలకాయలు లెక్కపెడదాం. ఎక్కువ మంది ఉన్న ఊరికి ఎక్కువ సీట్లు."

"నీకేం, వర్జీనియావి, ఎన్నయినా చెప్తావు" అంది జోలీన్. "డెలావేర్ ఒప్పుకోదు. ఊరికి ఇన్ని అని సమానంగా ఉండాలి."

"నువ్వు హాల్‌స్టన్ దానివే కదే తల్లీ."

"అది నానమ్మ ఇంట్లో. ఇక్కడ డెలావేర్‌ని. చెమటలు కారుతున్నాయి, త్వరగా ఒప్పుకో."

మైలో పరిస్థితి ఇంకా ఘోరం. వర్జీనియా తరఫున మాట్లాడాలి కాబట్టి, తలకాయల లెక్కే న్యాయమని తన ఊరికే వ్యతిరేకంగా వాదించాడు. వాదించడం కూడా ఎంత బాగా వాదించాడంటే, ఆర్విక్ పిల్లలు "ఒరేయ్, బస్సెక్కుతావుగా, అక్కడ చెప్తాం నీ పని" అని బెదిరించారు. "చీటీ అలా వచ్చింది, నన్నేం చెయ్యమంటారు" అన్నాడు వాడు చొక్కా గుండీ విప్పుకుంటూ.

రెండో రోజు నేను బయటికి వెళ్లేసరికి థైరా లెఫ్సా తింటోంది. వాళ్లమ్మ చేసిన ఆలుగడ్డ రొట్టె, లోపల వెన్న, చక్కెర. చుట్ట చుట్టినది ఒకటి నాకూ ఇచ్చింది.

"టీచర్, చివరిదాకా రోడ్ ఐలండ్‌ను ఎవరూ ఏమీ అడగలేదా?"

"అడిగారు. అంతా రాసేశాక, ఒప్పుకోమని అడిగారు."

"ఒప్పుకున్నారా?"

"ఊరూరా జనం చేత ఓటేయించారు. జనం వద్దన్నారు. ఆ తర్వాత కూడా చాలాకాలం బయటే ఉండిపోయారు. మిగతా రాష్ట్రాలన్నీ చేరి, అధ్యక్షుణ్ణి కూడా ఎన్నుకున్నాక గానీ వాళ్లు రాలేదు."

"అంతకాలమా" అంది థైరా. వేలికి అంటుకున్న చక్కెర నాకి, కాసేపు గోడవైపు చూస్తూ ఏదో ఆలోచించింది. నేను లోపలికి వచ్చేశాను.

ఆ వారం చివరికి పిల్లలు రాసింది చూస్తే నాకే ముచ్చటేసింది. సంఘంలో సీట్లు తలకాయల లెక్కనే. కానీ రెండు ఊళ్లకూ సంబంధించిన విషయమైతే, ఆర్విక్ ప్రతినిధులు కూడా ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. ఇంకొకటి, ఈ రాజ్యాంగాన్ని రెండు ఊళ్ల పిల్లలూ విడివిడిగా ఓటేసి ఆమోదించాలి. ఆ చివరిది డెల్ పట్టుబట్టి పెట్టించాడు. "రేపెప్పుడన్నా మేం బలవంతంగా రుద్దామన్న మాట రాకూడదు" అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పాఠం చెబుతున్నాను. ఇంత పెద్దమనసుతో రాసుకున్న తరగతి నాకు గుర్తులేదు. ఎక్కడన్నా లోపం ఉందేమోనని రెండుసార్లు చదివాను. నాకేమీ కనపడలేదు.

డెల్ ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి అందరం వింటున్నాం.

"అయిపోయింది. మీ వాళ్లకి చూపించి ఓటేయించు. మీకు అన్యాయం జరగకుండానే రాశాం."

థైరా నిలబడి మొత్తం చదివింది. "ఇది ఎవరి రాత?"

"జోలీన్‌ది."

"గుండ్రంగా ఉంది. సరే, బస్సులో చూపిస్తాను."

మర్నాడు పొద్దున ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "మా వాళ్లు ఒప్పుకోలేదు టీచర్" అంది.

గదిలో గోల మొదలైంది. డెల్ లేచి నిలబడ్డాడు. వాడికి కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"ఏంటి ఒప్పుకోనిది? మీకు రావాల్సిన దానికంటే ఎక్కువే ఇచ్చాం కదా. అడ్డుపుల్ల వేసే హక్కు కూడా ఇచ్చాం."

"ఇచ్చారు" అంది థైరా. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు. "సంఘం ఎప్పుడు కూచుంటుంది?"

"బుధవారం. బడయ్యాక."

"బడయ్యాక అంటే ఎన్నింటికి?"

"నాలుగింటికి. ఎప్పుడూ నాలుగింటికే."

"మా బస్సు మూడున్నరకి."

హీటరు గుర్రుమంటోంది.

"మీరు మాకు ఎన్ని కుర్చీలు వేసినా, అందులో కూచోడానికి మేం బడిలో ఉండం. అప్పటికి మేం సగం దారిలో ఉంటాం. బస్సులో అందరూ అదే అన్నారు."

"ఎవరన్నా వచ్చి తీసుకెళ్లొచ్చుగా. మా నాన్న నన్ను రోజూ..."

"మీ నాన్న షాపు ఇక్కడే ఉంది డెల్."

"మరి ముందే చెప్పొచ్చుగా."

"నేను బయట ఉన్నాను" అంది థైరా.

డెల్ గిర్రున మైలో వైపు తిరిగాడు. "నువ్వు లోపలే ఉన్నావు కదరా?"

"నేను వర్జీనియాని" అన్నాడు మైలో.

అందరూ నవ్వేశారు, డెల్ కూడా. నవ్వులు తగ్గాక మైలో బల్ల వైపే చూస్తూ ఇంకో మాట అన్నాడు. "పాటల బృందం నాలుగింటికి. నాటకం నాలుగింటికి. బాస్కెట్‌బాల్ నాలుగింటికి." పోయిన ఏడు ఆర్విక్ జట్టులో వాడే అందరికంటే బాగా ఆడాడట. ఇక్కడ ఆడటం లేదంటే, వాడికి ఆట మీద మోజు పోయిందనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను. బస్సు ఎన్నింటికి వెళ్తుందో నాకు తెలుసు, సంఘం ఎన్నింటికి కూచుంటుందో కూడా తెలుసు. రెండూ కలిపి ఎప్పుడూ చూడలేదు.

"ఒకరోజు మా బస్సెక్కు" అంది థైరా డెల్‌తో. తిట్టినట్టు కాదు, భోజనానికి పిలిచినట్టు.

"ఎక్కితే?"

"ఎక్కితే ఏం లేదు. కూచుంటావు."

ఆ సోమవారం డెల్ బస్సెక్కాడు. అక్కడ జరిగింది వాడే తర్వాత నాకు చెప్పాడు. బస్సు నేరుగా ఆర్విక్ వెళ్లదు. మట్టిరోడ్ల వెంట ఒక్కో పొలం దగ్గరా ఆగుతూ, ఒక్కొక్కరినీ దింపుతూ పోతుంది. చిన్నపిల్లలు నిద్రపోతారు. పెద్దపిల్లలు వెనక సీట్లలో చేరి, వాదించుకోవాల్సిందంతా అక్కడే వాదించుకుంటారు. ఆ కాగితం మీద ఓటింగు జరిగిందీ అక్కడే. ఆర్విక్ చేరేసరికి పొద్దు వాలిపోయింది. బడి ముందు నుంచి వెళ్తుంటే డెల్ కిటికీలోంచి చూశాడు. బోర్డు మీద వేసవి సెలవుల శుభాకాంక్షలు ఇంకా అలాగే ఉన్నాయి, కొన్ని అక్షరాలు గాలికి రాలిపోయాయి. బస్సులో ఎవరూ అటు చూడలేదన్నాడు.

వాళ్ల నాన్న షాపు మూసి వచ్చేదాకా డెల్ థైరా ఇంట్లో ఉన్నాడు. వాళ్లమ్మ మాంసం, ఆలుగడ్డలు, చీజు వేసి ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్ పెట్టింది.

"మీ బడిలో మధ్యాహ్నం ఏం పెడుతున్నారు బాబూ?" అని అడిగింది.

"సోమవారం పిజ్జా అండీ."

"చేస్తారా, డబ్బాలోంచి తీసి వేడిచేస్తారా?"

"వేడిచేస్తారనుకుంటా."

ఆవిడ ఇంకో గరిటెడు వడ్డించింది.

వాళ్ల నాన్న వచ్చేసరికి రోడ్డు మీద మంచు గడ్డకట్టింది. తిరుగుదారిలో ఆయన, "ఇలా వారానికోసారి రావాలంటే నా వల్ల కాదు, ముందే చెప్తున్నా" అన్నాడట. "వాళ్ల నాన్నల వల్ల కూడా కాదు" అన్నాడట డెల్.

మర్నాడు వాడు తరగతిలోకి వస్తూనే, "టీచర్, రాజ్యాంగానికి సవరణలు పెట్టుకోవచ్చు కదా?" అన్నాడు.

"పెట్టుకోవచ్చు. అందుకే దాన్ని అలా రాశారు."

"అయితే రోడ్ ఐలండ్‌ను లోపలికి పిలుద్దాం."

పిలిచారు. థైరా రాలేదు. "ఒప్పుకోకుండా లోపల కూచోవడం ఏం బాగుంటుంది, ఇక్కణ్ణుంచే చెప్తాను" అంది. దాంతో తలుపు బార్లా తెరిచి పెట్టాల్సి వచ్చింది. నా వేడంతా వరండాలోకి పోయింది. పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

రెండు సవరణలు రాశారు. ఒకటి, సంఘం మధ్యాహ్నం భోజనాల వేళ కూచోవాలి. దాని మీద పేచీ రాలేదు. రెండోది, బడిలోని పిల్లలందరికీ అని చెప్పే ఏ పనికైనా, అది అయ్యాక ఇంటికి చేర్చే బస్సు ఉండాలి. ఇది రాయ్‌కి చూపిస్తే తల గోక్కున్నాడు.

"ఇది పిల్లల చేతుల్లో లేదు లోర్నా, నా చేతుల్లోనూ లేదు. బస్సులు స్కూలు బోర్డు చూస్తుంది."

"బోర్డు దగ్గరికి వెళ్తారు."

"ఎవరు?"

"రాసినవాళ్లు."

జనం ఓటేసి ఎన్నుకున్న ఆ స్కూలు బోర్డు సమావేశం సాయంత్రం బడి లైబ్రరీలో జరిగింది. థైరా ఆ రాత్రికి జోలీన్ ఇంట్లో ఉండిపోయింది, ఎందుకంటే ఆ బస్సు గురించి మాట్లాడటానికి వచ్చినా వెనక్కి వెళ్లడానికి బస్సు లేదు. ఆ మాటే మొదట చెప్పమని డెల్ సలహా ఇచ్చాడు. థైరా చెప్పింది. బోర్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు, ఒకాయన ఏదో రాసుకున్నాడు. తర్వాత డెల్ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, ఇంటికి చేరేసరికి ఎంత చీకటి పడుతుందో చెప్పాడు. వాడు ఎప్పుడూ మాట్లాడేటంత ధాటిగా మాట్లాడలేదు. అదే మంచిదయింది.

బోర్డు సభ్యుల్లో ఒక ముసలాయన, గోధుమ రైతు, నా వైపు తిరిగాడు. "పిల్లలకి రాజ్యాంగం చెప్పమంటే ఇదా నువ్వు చెప్పేది, లోర్నా?"

"ఇదే" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు డీజిల్ గురించి, డ్రైవర్ల గురించి, మంచు గురించి మాట్లాడుకున్నారు. చివరికి గురువారం ఒక్కరోజు సాయంత్రం బస్సు ఇస్తామన్నారు. మిగతా రోజులు తర్వాత చూద్దామన్నారు.

వరండాలోకి వచ్చాక డెల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. జోలీన్ థైరా చెయ్యి పట్టుకుని ఊపేసింది. థైరా కూడా నవ్వింది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

సవరించిన కాగితాన్ని థైరా మళ్లీ బస్సుకు తీసుకెళ్లింది. హాల్‌స్టన్ పిల్లలు అప్పటికే ఓటేసి ఆమోదించారు. ఆర్విక్ ఓటు శుక్రవారం పొద్దున వచ్చే దారిలో జరిగింది. బస్సు రావడం ఆలస్యమైంది. మొదటి గంట కొట్టాక థైరా గుమ్మంలో కనపడింది. ముక్కు ఎర్రగా ఉంది, టోపీ మీద మంచు ఉంది.

"నెగ్గింది టీచర్. తేడా నాలుగు ఓట్లు."

చప్పట్లు కొట్టారు. నిజం రోడ్ ఐలండ్‌లో తేడా రెండే ఓట్లని చెబుదామనుకున్నాను, కానీ ఆ పిల్ల ముఖం చూసి ఆగాను. సంతోషపడుతున్నదాని ముఖంలా లేదు.

"నువ్వు చెబితేనే కదా వేసుంటారు" అన్నాడు డెల్.

"నేను వద్దనే వేశాను."

చప్పట్లు సద్దుమణిగాయి. మైలో ఆమె వంక చూసి తల దించుకున్నాడు. వాడు ఏ వైపు వేశాడో అడగక్కర్లేకుండానే తెలిసింది.

"అదేంటి?" అన్నాడు డెల్. "ఇదంతా సాధించింది నువ్వే కదా."

"గురువారం సాధించాం. ఆట నేర్చుకోవాలన్నా, పాట నేర్చుకోవాలన్నా వారానికి ఒక రోజు చాలదు. ఇప్పుడు ఔనంటే ఇక అంతే అనుకుంటారని భయమేసింది. బస్సులో అదే చెప్పాను. కొందరు విన్నారు. ఎక్కువ మంది, ముందు గురువారం తీసుకుందాం అన్నారు."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"సంతకం పెడతాను."

"వద్దన్నావు కదా."

"వద్దన్నది నేను. ఔనన్నది మా ఊరు. ఈ సంతకం ఊరిది." అలా అంటూనే కుర్చీ మోసుకుని లోపలికి వచ్చింది. నా బల్ల దగ్గర వంగి, జోలీన్ గుండ్రటి అక్షరాల కింద, కాస్త ఏటవాలుగా పేరు రాసింది. పెన్ను ఒకసారి రాయక మొరాయిస్తే, మూల మీద గీకి చూసుకుని మళ్లీ రాసింది.

నేను ఆ రోజు పాఠం చెప్పాలి. సుప్రీం కోర్టు గురించి. బోర్డు మీద తారీఖు వేసి, సుద్దముక్క పట్టుకుని కాసేపు అటు తిరిగే ఉన్నాను. ఆ పిల్ల చెప్పింది నేను పాఠంగా ఎన్నోసార్లు చెప్పాలని చూశాను. ఓడిపోయినవాళ్లు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో. పుస్తకంలో దానికి ఒక పేరా ఉంటుంది. పిల్లలు గీత గీసుకుని, పరీక్షలో రాసి మర్చిపోతారు. ఇటు తిరిగేసరికి థైరా కుర్చీ ఎక్కడ వెయ్యాలో తెలియక నిలబడి ఉంది. డెల్, జోలీన్ తమ బల్లలు జరిపి మధ్యలో చోటిచ్చారు.

క్రిస్మస్ సెలవుల తర్వాత గురువారం బస్సు మొదలైంది. మైలో బాస్కెట్‌బాల్ జట్టులో చేరాడు. వారానికి ఒక్కరోజే సాధన కాబట్టి కోచ్ వాణ్ణి ఎక్కువగా బెంచీ మీదే కూచోబెట్టాడు. రెండుసార్లు మాత్రం ఆటలోకి దింపాడు. రెండోసారి దింపినప్పుడు ఆర్విక్ నుంచి వచ్చిన నలుగురు ముసలాళ్లు గ్యాలరీలో లేచి నిలబడ్డారు. జోలీన్ థైరాను నాటకం వాళ్ల దగ్గరికి లాక్కెళ్లింది. వేషం వెయ్యనంది గానీ, వెనక తెరలకు రంగులు వేసేది. శుక్రవారాలు వేళ్ల సందుల్లో ఆకుపచ్చ రంగుతోనే తరగతికి వచ్చేది.

విద్యార్థి సంఘం ఎన్నికల్లో ఆర్విక్ పిల్లలు థైరానే ఎన్నుకున్నారు, హాల్‌స్టన్ పిల్లలు ఎన్నుకున్నవాళ్లలో డెల్ ఒకడు. భోజనాల వేళ, క్యాంటీన్ చివరి బల్ల దగ్గర సంఘం కూచునేది. ప్రతి సమావేశంలోనూ థైరా మంగళవారం బస్సు సంగతి ఎత్తేది. జనవరిలో ఎత్తితే, ఇప్పుడే కదా గురువారం ఇచ్చింది అని ఓడగొట్టారు. ఆ తర్వాత కూడా ఓడగొట్టారు. తను కోప్పడలేదు, అలగలేదు. తర్వాతి సమావేశంలో మళ్లీ ఎత్తింది. "ఈ పిల్లతో వేగలేం" అన్నాడట ఒక ప్రతినిధి డెల్‌తో. "వేగక్కర్లేదు, ఓటెయ్యి చాలు" అన్నాడట డెల్. మార్చిలో డెల్ ఆమె తీర్మానాన్ని బలపరిచాడు. అప్పుడు నెగ్గింది. నెగ్గి బోర్డుకు వెళ్లింది.

బోర్డు మేలో ఒప్పుకుంది. వచ్చే ఏడు నుంచి మంగళవారం కూడా సాయంత్రం బస్సు. రాయ్ నాకు చెబితే, నేను క్యాంటీన్‌కు వెళ్లాను. బయట నేల ఆరి, దున్నకాలు మొదలయ్యాయి. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, మట్టి వాసన లోపలికి వస్తోంది. థైరా, జోలీన్, మైలో ఒక బల్ల దగ్గర కూచుని తింటున్నారు. విషయం చెప్పాను.

మైలో బల్ల మీద దరువేశాడు. జోలీన్ వాడి పళ్లెంలోంచి బిస్కెట్ తీసుకుని థైరా ముందు పెట్టింది, బహుమతి అన్నట్టు. థైరా దాన్ని రెండుగా విరిచి సగం మైలోకు తిరిగి ఇచ్చింది.

"మంచిది టీచర్" అంది. తర్వాత కొంచెం నమిలి, మింగి, నెమ్మదిగా అడిగింది. "వచ్చే ఏడు బోర్డుకు ఎన్నికలున్నాయి కదా. నిలబడేవాళ్లలో ఆర్విక్ వాళ్లెవరన్నా ఉన్నారా?"

ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదని చెప్పాను.

"మా అమ్మను అడుగుతాను" అంది. "ఖాళీగానే ఉంది కదా."